ఖాలా దాచిపెట్టిన పేరు

మా బిడ్డకు ఆడపిల్ల పుట్టిందండీ! రెండు కాన్పులు నిలవని మా పిల్లకు ఈసారి బంగారం లాంటి పాప. మిఠాయి డబ్బాతో ఆసుపత్రి నుంచి శాలిబండలో మా ఇంటికి పరుగెత్తుకొస్తే, పక్కింటి వాకిట్లో అన్నీ చెప్పులే. ఆ తెల్లవారే మా ఖాలా కన్నుమూసిందట. డబ్బా చంకలో దాచుకుని ఆ చెప్పుల మధ్యే నిలబడిపోయాను. నవ్వాలో ఏడవాలో నా ముఖానికి తెలియలేదు.

ఖాలా అంటే ఉర్దూలో పిన్ని. మాకు గోడ అవతలి పెద్దదిక్కు. మా ఇంట్లో పప్పుచారు పోపు వాసన వస్తే చాలు, గిన్నె గోడమీద పెట్టి వేలితో రెండుసార్లు తట్టేది. అడగడం ఉండదు, తట్టడమే.

"పుట్టేది ఆడపిల్లనే, పేరు నేనే పెడ్త బేటా," అని ముందే మాట తీసుకుంది.

"ఏం పేరు ఖాలా?"

"పుట్టకముందు పేరు పలికితే గాలి ఇంటది. నీ నోట్ల నువ్వుగింజ నానదు, నీకసలే చెప్ప."

ఆ పేరు ఆమెతోనే మట్టిలోకి పోయిందనుకున్నాం. పాపను తొట్టెలలో వేసి పేరు పెట్టే రోజు దగ్గరపడింది, పేరు కుదరలేదు. ఒక మధ్యాహ్నం మా పిల్ల వాకిట్లో పాపకు పాలిస్తుంటే, గోడ అవతల ఖాలా గొంతు.

"నిదా... నిదా బేటీ..."

చివర్లో ఆ సన్నటి దగ్గు కూడా ఆమెదే. పాప పాలు వదిలి తల అటు తిప్పింది. 

గోడ మీంచి చూశాను. ఖాలా కుర్చీ ఖాళీ. పైన పంజరంలో ఆమె చిలక. లోపలినుంచి ఆమె కొడుకు పరుగున వచ్చాడు.

"అమ్మీ తలుపేసుకొని దీనికేందో నేర్పుతుండె అన్నా. గిన్నిరోజులు నోరిప్పలే. ఇయ్యాల్నే..."

"నిదా ఏంది, నిదానమా?" అంది మా ఆవిడ.

"కాదు వదినా. అరబీ మాట, ఉర్దూలకొచ్చింది. నిదా అంటే పిలుపు."

మా పిల్ల పాపను గట్టిగా హత్తుకుంది. "పోయినోళ్ళు పిలుస్తున్నరు బాపూ. నా ఇద్దరిని గిట్లనే ఎవరో పిలుచుకపోయిన్రు. ఆ పేరు వద్దు."

నాకు చదువు తక్కువ, అర్థాలు విప్పడం రాదు. ఖాలా తరచూ అనే మాటే చెప్పాను: "పసిబిడ్డ గడప మీద పిట్ట. ఏ దిక్కు పిలుపు గట్టిగుంటే ఆ దిక్కే పోతది."

చిలక మళ్లీ పిలిచింది. పాప మళ్లీ అటే తిరిగింది.  మా పిల్ల పాప గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది.

"నిదా," అంది. ఇంకా గట్టిగా, "నిదా!"

పాప కళ్లు తల్లి మీదికి వచ్చాయి.

"నువ్వు గూడ పిలువు బాపూ, ఆగకు. అందరు పిలవాలె."

ఖాలా మంచి పేరే ఇచ్చి పోయింది. పిలవడం మా వంతు. అందుకే తొట్టెల రోజు లోపలే అందరికీ ఫోన్లు చేసి, పాపను పేరుపెట్టి పిలిపించాలి: బహదూర్‌పురా అక్క, బావ, అఫ్జల్‌గంజ్ చిన్న బామ్మర్ది, వరంగల్ వియ్యంకుడు, వియ్యపురాలు, సిద్దిపేట మరదలు, ఆమెది మైకు గొంతు, ముందు ఆమెకే చెప్పాలి, జనగామలో మంచం పట్టిన మేనత్త. మేనత్త చెవికి ఎవరైనా ఫోను ఆనించి పట్టుకోవాలి. మాట తడబడుతుంది, కానీ ఆమె గొంతు ఇంకా ఇవతలి దిక్కుదే.