బొల్లీ అని పిలిచిన పెద్దమ్మ

పోయిన ఆదివారం పొద్దున పుంగనూరు నుంచి మా పెద్దమ్మ కొడుకు ఫోన్ చేశాడు. "అమ్మ పోయింది, పాపా. కాఫీ తాగి గోడకు ఆనుకుని కూసోనింది, అట్లే ఒరిగిపోయింది" అన్నాడు. అతని మాటల వెనక బాతుల అరుపులు వినిపిస్తున్నాయి. నేను మదనపల్లె నుంచి వెళ్లేసరికి వాటికి ఇంకా ఎవరూ మేత వెయ్యలేదు. ముందు ఆ పని చేసి, తర్వాత ఆమె పక్కన కూర్చుని ఏడ్చాను.

పెద్దమ్మ మా అమ్మకు అక్క. ఇంట్లో పాడి ఉన్నా ఆమె ప్రాణమంతా బాతుల మీదే. గుడ్ల కోసమో కూర కోసమో కాదు, రంగుల కోసం సాకింది. నెత్తిన పూలచెండులా జుట్టున్న తెల్లవి, బూడిదలో నీలం కలిపినట్టుండేవి, గంధం రంగువి, ఎండ తగిలితే పచ్చగా మెరిసే నల్లవి. నీలం జంటకు ఒక పిల్ల నల్లగా, ఇంకొకటి దాదాపు తెల్లగా పుడితే పక్కింటామె బుగ్గన వేలేసుకుంది. "మేం అక్కసెల్లెళ్లం ఒకే రంగుండామా ఏంది?" అంది పెద్దమ్మ. నల్లబాతుకు ఈకలు రాలి కొత్తవి వచ్చేటప్పుడు నడుమ తెల్లవి మొలిస్తే, "దానికీ వయసొస్తాండాది లే" అనేది.

వాటిలో నలుపూ తెలుపూ మచ్చలున్న ఆడబాతు పేరు బొల్లి. మచ్చలున్న ఆవునైనా మేకనైనా మా వైపు అట్లాగే అంటారు. "బొల్లీ, దా దా" అనే ఆమె కేక వీధి చివరిదాకా వినిపించేది.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా పెదవి పక్కన, ఆ తర్వాత చేతుల మీద తెల్లమచ్చలు వచ్చాయి. వాటినీ జనం బొల్లి అనే అంటారు. బడిలో నా పక్కన కూర్చునే పిల్ల చోటు మార్చుకుంది. ఇక బడికి పోనన్నాను. ఎండాకాలం సెలవులకు అమ్మ నన్ను పుంగనూరు పంపింది.

పెద్దమ్మ తన కంచంలోనే కలిపి నాకు ముద్దలు పెట్టింది. మచ్చల ఊసెత్తలేదు. కానీ పొద్దున మేత వేసేటప్పుడు ఆ బాతును "ఓ సుక్కలదానా" అని పిలిచింది. అలవాటు కొద్దీ ఆమె కొడుకు పాతపేరుతో పిలవబోతే కళ్లెర్రజేసింది. నా కోసమే మార్చిందని తెలిసింది. అది ప్రేమే. అయినా, బాతుకు కూడా ఉండకూడనంత చెడ్డ మాటా అది అని మనసు చివుక్కుమంది. పాపం, కొత్తపేరు తెలియక ఆ బాతు దడి దగ్గరే నిలబడేది. నూకలన్నీ మిగతావి తినేసేవి.

ఒకరోజు ఆగలేకపోయాను. "పెద్దమ్మా, దాన్ని బొల్లి అనే పిలువు."

ఆమె నూకల గిన్నె దించి నా వైపు తిరిగింది. "నీకు కష్టమైతాదని, అమ్మణ్ణీ."

"పిలవకుంటేనే కష్టంగా ఉండాది."

పెద్దమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. "నాకు బుద్ధి ల్యాకపాయె" అని గొణిగి, గొంతెత్తి "బొల్లీ, దా దా!" అంది. అది రెక్కలు విప్పుకుని పరుగెత్తుకొచ్చింది. ఇద్దరం నవ్వాం. ఆమె నవ్వుతూనే ఏడ్చింది.

ఆ వారమే బాతుల కోసం కుప్పం నుంచి ఒకాయన వచ్చాడు. నేను నీళ్లిస్తే నా చేతులు చూసి గ్లాసు అందుకోలేదు.

"ఏమప్పా, దప్పి ల్యాదా?" అంది పెద్దమ్మ. "ఆ పిల్ల సేతి నీళ్లు తాగితేనే నా బాతులు నీ ఇంటికొస్తాయి."

ఆయన గటగటా తాగి, నీలం జంటను తీసుకుపోయాడు. బడి తెరిచాక నేనూ బడికి పోయాను.

టీచరుగా మదనపల్లెలో నేను పాఠం చెప్పిన మొదటిరోజు, చూసిపోదామని పెద్దమ్మ పట్టుచీర కట్టుకుని వచ్చింది. సాయంత్రం బస్సెక్కించాను. కిటికీలోంచి "పిల్లోళ్లను కొట్టాకు" అని కేకేసి తల తిప్పింది. ఇంటి నుంచే అంటుకుని వచ్చిందేమో, ఆమె కొప్పులో ఒక చిన్న తెల్ల ఈక. ఆమెకు తెలియదు. బస్సు కదిలితే అది గాలికి వణికింది, ఊడిపోలేదు.