డబుల్ పరుపుల లెక్క

మా బావ లెక్కకు లొంగని వస్తువు లేదు. పంపుల కంపెనీలో అమ్మకాల అంచనాలు వేస్తూ సగం జీవితం గడిపాడు. ఆ కంపెనీ మూతపడ్డాక, నలభై దాటిన మనిషిని ఎవరూ పిలవలేదు. చివరికి ఒక కన్సల్టింగ్ సంస్థ పిలిచింది. అదీ చేజారితే ఇంకో పిలుపు వస్తుందన్న ఆశ ఆయనకూ లేదు, నాకూ లేదు.

అక్క పోయి అప్పటికి ఏడాది కాలేదు. బావ ఏడవలేదు. నేనూ ఏడవలేదు. ఇద్దరం మొద్దుబారిపోయి, టీ చల్లారబెట్టుకుంటూ కూర్చునేవాళ్లం. అలా ఊరికే కూర్చోలేక, ఇంటర్వ్యూకి నేను తర్ఫీదిస్తానన్నాను. నేను నడిపేది టైర్ల షాపు. నాకేం తెలుసని తర్ఫీదిచ్చానని మాత్రం అడక్కండి.

ఆ ఇంటర్వ్యూల్లో వేసే ప్రశ్నలు వింటే ఒళ్లు మండుతుంది. ఈ ఊళ్లో ఏడాదికి ఎన్ని గొడుగులు అమ్ముడుపోతాయి? జవాబు అడిగేవాడికీ తెలీదు. ఎలా లెక్క కట్టావన్నదే వాళ్లకి కావాలి. ఊరి జనాభాతో మొదలుపెట్టి, ఇళ్లుగా విడగొట్టి, ఇంటికెన్ని, ఒక్కోటి ఎన్నాళ్లు మన్నుతుంది అంటూ దిగిరావాలి. తెలియని చోటల్లా ఒక అంకె వేసుకుని “అనుకుందాం” అనాలి. “తెలీదు” అన్నవాడు అక్కణ్ణుంచే ఇంటిదారి పట్టవచ్చు.

అనుకోవడం బావకి వెన్నతో పెట్టిన విద్య.

“బావా, దువ్వెనలు.”

“ఇంటికి మూడు అనుకుందాం. రెండేళ్లు వస్తాయనుకుందాం.”

“మరి బట్టతలలు?”

“పదిమందికి ఒకడనుకుందాం. నిన్ను కలుపుకునే చెప్తున్నా.”

వెనకటికి ఇలాంటి మాటకి అక్క వంటింట్లోంచి పగలబడి నవ్వేది. ఇప్పుడు ఆ మాట అన్న మనిషి మొహంలోనే నవ్వు లేదు.

ఇంటర్వ్యూ రోజు సాయంత్రం వెళ్లేసరికి, బావ బూట్లైనా విప్పకుండా సోఫాలో కూర్చుని ఉన్నాడు.

“ఏం అడిగారు?”

“పరుపులు. ఏడాదికి ఎన్ని డబుల్ పరుపులు అమ్ముడుపోతాయని.”

“ఓస్, అంతేనా! కొట్టేసుంటావు.”

“బాగానే మొదలెట్టా. ఇళ్లు తీశా, హోటళ్లు విడిగా తీశా. హాస్టళ్లు వదిలేశా, అన్నీ ఒంటి మంచాలేగా. ప్రశ్న వేసినావిడ తలాడిస్తోంది. పరుపు ఎన్నేళ్లు వస్తుందంది. పదేళ్లు అనుకుందాం అన్నా. అక్కడితో ఊరుకోవచ్చుగా! డబుల్ పరుపు మీద ఒకరే పడుకుంటే ఇంకా ఎక్కువ వస్తుంది, అలాంటివాటిని వేరే లెక్క కట్టాలన్నా.”

ఆవిడ మెచ్చుకుందట. ఇంతవరకూ ఈ మాట ఎవరూ చెప్పలేదందట. మరి అలాంటివి ఎన్ని ఉంటాయని అడిగిందట.

“నూటికి పది అనుకుందాం అంటే పోయేదిగా బావా!”

“నోటిదాకా వచ్చింది. అనుకోలేకపోయానురా.”

ఏదో ఒక అంకె చెప్పమని ఆవిడ మళ్లీ అడిగిందట. కాగితం వైపు చూస్తూ బావ “ఒకటి” అన్నాడట.

“నూటికి ఒకటా అంది. కాదండీ, ఒకటే అన్నా. నాకు తెలిసింది ఒక్కటే.”

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. చేతికందిన ఉద్యోగం, ఒక్క అంకె కోసం వదులుకొచ్చాడు. రేపటినుంచి ఏం చేస్తాడీ మనిషి? తిడదామని నోరు తెరిచాను. తిట్టు రాలేదు. ఏడుపొస్తుందేమో అనుకున్నాను, అదీ రాలేదు.

బావ బూట్లు విప్పి, వాటిని జతగా గోడవారన పెట్టి లేచాడు.

“ఓ చెయ్యి వేస్తావా? పరుపు తిప్పాలి. మీ అక్కయితే ఈపాటికి రెండుసార్లు తిప్పించేది.”

తలవైపు కాళ్లవైపుకి వచ్చేలా తిప్పడం అక్క పెట్టిన అలవాటు. ఇద్దరుంటేగానీ కదలదు. బావ పడుకునే వైపు గుంటపడి ఉంది, అక్క వైపు ఎత్తుగా ఉంది. చెరో కొసా పట్టుకుని, గోడకి తగలకుండా మెల్లగా తిప్పాం. ఆ గుంట ఇప్పుడు అక్క వైపుకి వచ్చింది, ఎవరో పడుకుని అప్పుడే లేచి వెళ్లినట్టు.

బావ దాన్నే చూస్తూ నిలబడ్డాడు.

“మళ్లీ తిప్పేద్దామా?” అన్నాను.

“వద్దు. ఉండనీ,” అని దుప్పటి విదిలించి, ఒక కొస నా చేతికిచ్చాడు.