ట్రయల్ తాత ఇంట్లో స్లీప్‌ఓవర్

ట్రయల్ చూడకుండా ఆ పెద్దాయన జీవితంలో ఏ పనీ చేయలేదు. పుట్టడం ఒక్కటే ట్రయల్ లేకుండా జరిగిపోయిందనీ, అందుకే ఒక చెవి కాస్త పెద్దగా వచ్చిందనీ ఆయనే చెబుతుంటాడు.

ఆయన వృత్తి దర్జీ. ఇంటి కింది వాటాలో కుట్టు దుకాణం, పై వాటాలో కొడుకు, కోడలు, మనవరాలు. కోటు గుడ్డ కత్తిరించాక ఆయన నేరుగా మిషను మీద పెట్టడు. ముందు తెల్లదారంతో వదులుగా కచ్చా కుట్టు వేస్తాడు. దాన్ని మనిషికి తొడిగి, చుట్టూ తిరిగి చూసి, భుజం దగ్గర గిల్లి, వీపు మీద సుద్దతో గీసి, ఆ దారమంతా లాగిపారేసి, అప్పుడు అసలు కుట్టు మొదలుపెడతాడు. ఇంతవరకూ దర్జీలందరూ చేసేదే. ఈయనతో వచ్చిన చిక్కల్లా, దుకాణానికి తాళం వేశాక కూడా లోకమంతటికీ కచ్చా కుట్టు వేయబోవడమే. అందుకే వీధిలో పిల్లలు ఆయనకి ట్రయల్ తాత అని పేరు పెట్టారు.

కొత్త గొడుగు కొన్న రోజున ఆయన స్నానాలగదిలో షవరు తిప్పి, గొడుగు వేసుకుని దాని కింద నిలబడ్డాడు. కోడలు తలుపు తట్టింది.

"మావయ్యా, బయట నిజం వానే పడుతోంది."

"పడనీ అమ్మా. ఇక్కడ గట్టెక్కితే కదా అక్కడికి వెళ్లేది" అని లోపల్నుంచి జవాబు వచ్చింది.

ఇంకోసారి చెల్లెలి ఊరికి ప్రయాణం పెట్టుకుని, ముందురోజే స్టేషనుకి వెళ్లాడు. పెట్టె పైన పెట్టి, కిటికీ పక్కన కూర్చుని, కాళ్లు చాపుకుని చూశాడు. ఆ చూడటంలో రైలు కదిలిపోయింది. మర్నాడు సాయంత్రానికి తిరిగొచ్చాడు.

"ఇవాళ కదండీ మీ ప్రయాణం" అన్నాడు కొడుకు.

"ఇంకెందుకురా. చెల్లెల్ని చూశాను, భోంచేశాను. ట్రయల్‌లోనే పనైపోయింది."

హెర్నియా ఆపరేషనప్పుడైతే డాక్టరుకే చెమటలు పట్టించాడు. కోయడం తప్ప మిగతావన్నీ ఒకసారి చేసి చూపించమన్నాడు. ఆ డాక్టరు కోటు ఈయనే కుట్టాడు కాబట్టి పాపం ఆయన కాదనలేకపోయాడు.

కోడలు కొత్తగా ఆ ఇంట్లో అడుగుపెట్టిన రోజున కూడా ఇదే వరస. బిక్కమొహం వేసుకుని గుమ్మంలో నిలబడ్డ పిల్లని చూసి, "ఓ నెల్లాళ్లు ట్రయల్ అనుకుందాం అమ్మా" అన్నాడు. ఆమెకి ఒళ్లు మండిపోయింది. కోడల్ని కూడా కోటులా తొడిగి చూస్తారా ఈ ఇంట్లో అనుకుంది. ఏళ్లు గడిచాయి, మావగారంటే ఇష్టమూ ఏర్పడింది. కానీ ఆయన మీద విసుగొచ్చినప్పుడల్లా మొదట గుర్తొచ్చేది ఆ మాటే.

అలాంటి ఇంట్లో మనవరాలు ఓ రోజు బడి నుంచి వస్తూనే, శనివారం రాత్రి స్నేహితురాళ్లు వచ్చి తమ ఇంట్లో పడుకుంటారని ప్రకటించింది. ముగ్గురు పిల్లలు. పంటి డాక్టరుగారి కవలలు, వీధి చివరి బేకరీ వాళ్ల పాప.

"ట్రయల్ ఎప్పుడు?" అన్నాడు తాత.

"దీనికి ట్రయలేంటి మావయ్యా? పిల్లలు వస్తారు, తింటారు, పడుకుంటారు."

"కోటు కూడా అంతేనమ్మా. వస్తారు, తొడుక్కుంటారు, పోతారు. తేడా వస్తేనే తిరిగొస్తారు."

కోడలు ఆ మాట పట్టించుకోలేదు. ఆమె దిగులంతా బేకరీ పాప గురించే. ఆ పిల్ల అంతకుముందు ఇద్దరి ఇళ్లలో పడుకోవడానికి వెళ్లి, రెండుసార్లూ ఏడ్చుకుంటూ మధ్యలో ఇంటికి వెళ్లిపోయింది. అప్పట్నుంచి క్లాసులో దాని పేరు సగంరాత్రి. వెళ్లాలనీ ఉంటుంది, వెళ్తే ఉండలేదు. "ఈసారి కూడా వచ్చేస్తే ఇంకెప్పుడూ ఎక్కడికీ వెళ్లనంటోందండీ" అని బేకరీ ఆవిడ రొట్టె పొట్లం కడుతూ కోడలితో చెప్పుకుంది. మనవరాలికి ఆ పిల్లంటే ప్రాణం. "అది ఉంటేనే నాకు స్లీప్‌ఓవర్, లేకపోతే వద్దు" అని పంతం పట్టింది.

శనివారం మధ్యాహ్నం కోడలు కళ్లద్దాల షాపులో పని ముగించుకుని వచ్చేసరికి, హాల్లో పరిచిన పరుపుల మీద మావగారు అటునుంచి ఇటు దొర్లుతున్నాడు. మెడలో టేపు వేలాడుతోంది.

"ఏం చేస్తున్నారు మావయ్యా?"

"నేనిప్పుడు కవలల్లో పెద్దదాన్ని. ఇలా దొర్లితే బల్ల కాలు నుదుటికి తగులుతోంది." మళ్లీ దొర్లాడు. "ఇప్పుడు చిన్నదాన్ని. ఇది నయం."

అప్పటికే బల్ల కాళ్లకి పాత కోటు ముక్కలు చుట్టి, కచ్చా కుట్టు వేసి ఉంది. కోడలు నవ్వాపుకుంటూ వంటింట్లోకి వెళ్లిపోయింది.

సాయంత్రం పిల్లలు వచ్చారు. ఇల్లంతా ఒక్కటే గోల. కవలలు దిండ్లతో యుద్ధం మొదలుపెట్టారు. బేకరీ పాప మాత్రం సోఫా చివర, ఒళ్లో సంచీ పెట్టుకుని, కాళ్లకి బూట్లు విప్పకుండా కూర్చుంది. భోజనాలప్పుడు కూడా సంచీ ఒళ్లోనే ఉంది. బూట్లు విప్పమని మనవరాలు మూడుసార్లు అడిగింది. "తర్వాత" అంది ఆ పిల్ల. కోడలు ఆ బూట్లనే చూస్తూ వడ్డించింది.

పరుపుల మీదకి చేరే వేళకి, కవలల్లో పెద్దది అననే అంది. "సగంరాత్రి ఇవాళ ఎన్నింటికి వెళ్తుంది?"

బేకరీ పాప సంచీని దగ్గరికి లాక్కుంది. "ఆంటీ, మా అమ్మకి ఫోన్ చేస్తారా?" అంది చిన్నగా. మనవరాలి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కోడలు ఫోన్ చేతిలోకి తీసుకుంది.

అప్పుడే మెట్లెక్కి వచ్చాడు ట్రయల్ తాత. గుమ్మంలో నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"అందరూ వినండమ్మా. ఇవాళ స్లీప్‌ఓవర్ కాదు. ఇవాళ ట్రయల్. అసలుది వచ్చే శనివారం."

"తాతయ్యా" అని మనవరాలు ఏడుపు గొంతుతో అరిచింది. కోడలికి తల తిరిగిపోయింది. ఉన్న గోల చాలనట్టు ఈయన పిచ్చి ఒకటి, ఇవాళైనా ఊరుకోకూడదా అనుకుంది.

ఆయన కోడలి వైపు చూడనే లేదు. "ట్రయల్ అంటే అన్నీ చూసుకోవాలి. పరుపులు చూశాం, దిండ్లు చూశాం. రాత్రిపూట ఇంటికెళ్లాలనిపిస్తే దారి బాగుందో లేదో ఇంకా చూడలేదు. ముందు దగ్గరి ఇల్లు చూద్దాం. బూట్లు వేసుకుని తయారుగా ఉన్నదెవరు?"

బూట్లు వేసుకుని ఉన్నది ఒక్కర్తే. కవలలు కుళ్లుకుంటూ చెప్పులు వెతుక్కున్నారు.

రాత్రి బట్టల్లో నలుగురు పిల్లలు, చంకల్లో దిండ్లు, ముందు టేపు మెడలో వేసుకున్న తాత, వెనక ఫోన్ పట్టుకున్న కోడలు, అందరూ వీధిలో వరసగా బయల్దేరారు. బేకరీ ఆవిడ అప్పుడే తమ ఇంటి కింది కొట్టుకి షట్టర్ దించబోతోంది. వీళ్లని చూడగానే ఆవిడ మొహం వాడిపోయింది.

"మళ్లీ ఏడ్చిందాండీ?"

"లేదమ్మా, ట్రయల్. మీ ఇంటికి దారి ఉందో లేదో చూస్తున్నాం. ఉంది. తలుపు కొడితే తీస్తారా?"

"తీస్తానండీ, ఎందుకు తియ్యను?"

"విన్నావుగా" అన్నాడు తాత, బేకరీ పాపతో. "దారీ ఉంది, తలుపూ తీస్తారు. ఇక నీ ఇష్టం."

ఆ పిల్ల తల్లిని చూసింది. వీధి ఆ చివర వెలుగుతున్న తాత వాళ్ల మేడ మీది కిటికీని చూసింది. మనవరాలు స్నేహితురాలి చెయ్యి పట్టుకోబోయి, ఎందుకో ఆగిపోయింది. కోడలు లోలోపల ఉండవే తల్లీ, ఈ ఒక్కసారికి ఉండు అనుకుంటూ నిలబడింది.

"ఇది ట్రయలే కదమ్మా" అంది బేకరీ పాప చివరికి. "నిజంగా రావాలనిపిస్తే అప్పుడొస్తాలే."

ఇంటికొచ్చాక ఆ పిల్ల బూట్లు విప్పి గుమ్మం పక్కన పెట్టింది. సంచీ సోఫా మీదే మర్చిపోయింది. అందరికంటే ముందు నిద్రపోయింది కూడా అదే. ఆ తర్వాత కవలల్లో పెద్దది వచ్చి, తనకీ ఇంటికెళ్లే ట్రయల్ కావాలని ముక్కు ఎగబీల్చింది. వాళ్లిల్లు దూరం కాబట్టి, తాత దాన్ని కింది మెట్టు దాకా తీసుకెళ్లి, ఇక్కణ్నుంచి ఇలాగే ముందుకు అని చూపించి, వెనక్కి తీసుకొచ్చి పడుకోబెట్టాడు.

పొద్దున్న పళ్లు తోముకుంటూ బేకరీ పాప, "అసలుదానికి నేను రెండు రాత్రులు ఉండొచ్చా తాతా?" అని అడిగింది.

పిల్లల్ని పంపేసి కోడలు టీ కప్పుతో దుకాణంలోకి దిగింది. మావగారు ఎవరిదో కోటుకి వేసిన కచ్చా కుట్టు దారాలు ఒక్కొక్కటే లాగుతున్నాడు. ఎక్కడా పట్టుకోకుండా, గుడ్డకి నొప్పి తెలియకుండా ఊడి వచ్చేస్తున్నాయవి. ఎప్పుడు కావాలంటే అప్పుడు విప్పేసుకోవచ్చని చెప్పడానికే ఈయన ఇంత హడావిడీ చేస్తాడని ఆమెకి అప్పటికి అర్థమైంది. ఇన్నేళ్లుగా మనసులో దాచుకున్న కోపం తలుచుకుంటే సిగ్గేసింది, నవ్వూ వచ్చింది.

"మావయ్యా, నేనొచ్చిన కొత్తలో నెల్లాళ్లు ట్రయల్ అన్నారు. ఆ ట్రయల్ ఎవరికి? నాకా, ఈ ఇంటికా?"

ఆయన కళ్లజోడు పైనుంచి విచిత్రంగా చూశాడు. "తొడుక్కునేది నువ్వు కదమ్మా. ఇల్లు నిన్నేం చూస్తుంది? నువ్వే దాన్ని చూడాలి." టీ ఒక గుక్క తాగాడు. "ఇంతకీ నువ్వు ఏ సంగతీ చెప్పనే లేదు. ఎలా ఉంది?"

కోడలు భుజాలు అటూ ఇటూ కదిపి, అద్దంలో చూసుకుని, కొంచెం ఆలోచించింది.

"బాగానే కుదిరింది మావయ్యా. చంకల దగ్గరే కాస్త పట్టేస్తోంది."

"అది నా వల్లే అయ్యుంటుంది" అంటూ ఆయన సుద్ద కోసం వెతుక్కున్నాడు. "ఆగు, కొంచెం వదులు చేస్తాను."