ఎండబెట్టిన దండ

మా మామగారికి బహుమతులంటే మహా గౌరవం, ఇచ్చింది కంపెనీవాళ్లో పెద్ద వ్యాపారులో అయితే. భోపాలపట్నంలో మా దుకాణం గద్దె వెనక ఒక అద్దాల అలమారా ఉండేది. సబ్బుల కంపెనీ ఇచ్చిన నడవని గడియారం, మా సరుకు కొనే జగదల్‌పూర్ సేఠ్ పంపిన వెండిపూత వినాయకుడు, మూత బిగుసుకుపోయిన ఫ్లాస్కు అందులో కొలువుండేవి. రోజూ ఆయనే స్వయంగా తుడిచేవారు. సంస్థానాలు దేశంలో విలీనమై రాజుల గద్దెలు పోయాయి గానీ మా గద్దె మీద రాజరికం అలాగే ఉంది. వచ్చినవాళ్లకల్లా అలమారా చూపించి, "అభిమానంతోని ఇచ్చిన్రు" అనేవారు. అభిమానమట.

అవి ఇప్పపూలు రాలే రోజులు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఎండిన పువ్వు గంపల్లో తెచ్చి మాకు అమ్మేవారు. మామగారు గుప్పెడు తీసి, వేళ్లతో నలిపి, తడి తగిలితే తలెత్తకుండానే తిప్పి పంపేవారు.

నాలుగేళ్ల మా అమ్మాయి పెరట్లో రాలిన పూలు ఏరుకొచ్చింది. ఇప్పపువ్వుకు నడుమ బెజ్జం ఉంటుంది, సూది అక్కర్లేదు. నన్నడిగి ఎర్రదారం తీసుకుని, పొద్దుటినుంచీ కూర్చుని దండ గుచ్చింది. "తాత అద్దాల అలమార్ల పెడ్తడు" అంటూ దుకాణంలోకి పరుగెత్తింది. నేను వెనకే వెళ్లి తలుపు దగ్గర నిలబడ్డాను.

"తాతా, నీకు."

ఆ మహానుభావుడు ఒక పువ్వు నలిపి చూశారు.

"పచ్చిగున్నది. ఎండబెట్టి తీస్కరా."

ఎదురుగా ఉన్నది సొంత మనవరాలన్న ధ్యాసే లేదు. నాకు ఒళ్లు మండిపోయింది. పిల్ల మాత్రం బుద్ధిగా తలూపి, దండను ముంగిట్లో చాప మీద పరిచింది. కోళ్లు పొడవకుండా, మేకలు రాకుండా కాపలా కూర్చుంది. అన్నానికి పిలిస్తే పళ్లెం అక్కడికే తెమ్మంది. కొన్నాళ్లకు పూలు ముడుచుకుపోయి రంగు తిరిగాక మళ్లీ తీసుకెళ్లింది.

ఆయన మళ్లీ నలిపారు. తలూపారు. దారం లాగేసి, పూలను పక్కనున్న కుప్పలోకి విసిరారు. దారం సరుకు కాదు కదా.

ఏడుస్తుందేమోనని ఎత్తుకోబోయాను. దాని మొహం వెలిగిపోతోంది.

"అమ్మా, తాత ఈసారి పచ్చిగున్నదనలే. తీస్కుండు."

ఏడ్చి ఉంటే బాగుండేదనిపించింది. కిందపడ్డ దారం ఏరి నా చేతిలో పెట్టి, "ఇది నీకు" అంది.

ఆ దారం నా నగల డబ్బాలో ఉంది. మామగారికి ఎప్పుడూ చూపించలేదు. చూపిస్తే దాన్నీ నలిపి చూసేవారు.