బుడగల్లో ఏముంది

ఈ ఉదయం టీలోకి అల్లం దంచుతుంటే ఆ ఘాటుకి సుబ్బారావు మాస్టారు గుర్తొచ్చారు. అమెరికాలో, పార్సిప్పనీ అనే ఊళ్ళో మా పక్క అపార్ట్‌మెంట్ పద్మ ఆంటీ వాళ్ళ నాన్నగారాయన. తెనాలిలో జూనియర్ కాలేజీలో ముప్ఫై ఏళ్ళు కెమిస్ట్రీ చెప్పి రిటైరై, 2009లో కూతురి దగ్గర ఆరు నెలలుండటానికి వచ్చారు. నేను ఇక్కడే పెరిగినదాన్ని. ఈ నాలుగు ముక్కలు తెలుగులో రాయగలుగుతున్నానంటే అదీ అప్పుడు ఆయన నేర్పబట్టే.

ఆ వేసవిలో నాకు ఏపీ కెమిస్ట్రీ పరీక్షలో ఫైవ్, అంటే ఐదుకి ఐదు, వచ్చింది. చంకలు గుద్దుకుంటూ వాళ్ళింటికి పరిగెత్తాను. “ఏపీ పరీక్షా? మన ఆంధ్రప్రదేశ్ పరీక్షలు ఇక్కడ కూడా పెడుతున్నారా?” అన్నారు మాస్టారు. పద్మ ఆంటీ, నేను పొట్ట పట్టుకుని నవ్వాం. ఆయన కూడా నవ్వేసి, “నాకు తెలీదమ్మా, చెప్పు” అంటూ జేబులోంచి చిన్న నోట్‌బుక్ తీశారు. డెబ్బై ఏళ్ళ మనిషి, పదిహేడేళ్ళ పిల్ల ముందు! ఏపీ అంటే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ అని, హైస్కూల్లోనే కాలేజీ పాఠం చదివి ఈ పరీక్ష రాస్తామని, మంచి స్కోరొస్తే కాలేజీలో ఆ కోర్సు చదివేసినట్టే క్రెడిట్ ఇస్తారని, అలా నేను ఇక్కడి నాలుగేళ్ళ డిగ్రీని మూడేళ్ళకే పూర్తి చేస్తానని గొప్పగా చెప్పాను. అంతా శ్రద్ధగా రాసుకున్నారు.

స్టవ్ మీద అల్లం టీ మరుగుతోంది. గిన్నెలోకి చూపించి, “ఈ బుడగల్లో ఏముందమ్మా?” అన్నారు. ఇదీ ఒక ప్రశ్నేనా అనుకుని, “హైడ్రోజన్, ఆక్సిజన్” అన్నాను.

“అదే అయితే ఈ వంటిల్లు ఎప్పుడో పేలిపోవాలి కదా. అది నీటి ఆవిరి. నీళ్ళు నీళ్ళే, రూపం మారిందంతే” అని మంట తగ్గించారు. కప్పు నా చేతికిస్తూ మెల్లిగా అన్నారు: “క్రెడిట్ వచ్చింది, సంతోషం. కెమిస్ట్రీ వచ్చిందా?”

తల కొట్టేసినట్టయింది. ఈయనకి ఇక్కడి చదువుల గురించి ఏం తెలుసని లోపల కుతకుతలాడాను. రెండు రోజులు అటు తొంగి చూడలేదు. కానీ ఊరుకోలేక పాత పుస్తకం తెరిచాను. లెక్కలన్నీ చేయగలను. ఏ లెక్క ఎందుకలా చేస్తున్నానో ఒక్కటీ చెప్పలేను. అప్పుడు నిజంగా భయమేసింది.

ఏ సబ్జెక్టుకి క్రెడిట్ వాడుకుంటామో కాలేజీకి ఫామ్ నింపి పంపాలి. నేను ఏపీ రాసిన వాటిలో హిస్టరీ, ఇంగ్లీష్, కాల్క్యులస్ టిక్ చేసి, కెమిస్ట్రీ దగ్గర ఆగిపోయాను. నేను చేరబోయే డిగ్రీ అందులోనే; అది వదులుకుంటే కెమిస్ట్రీ కోర్సులన్నీ మొదటి నుంచి వరసగా చేసుకురావాలి, నాలుగేళ్ళు తప్పవు. మూడేళ్ళ సంగతి నాన్న అప్పటికే ఊరంతా చాటారు. విషయం చెప్పగానే ఒంటికాలి మీద లేచారు.

“ఫైవ్ వచ్చిందాన్ని మళ్ళీ చదువుతావా? వింటే నలుగురూ నవ్వుతారు.”

“నాకు కెమిస్ట్రీ రాదు నాన్నా” అన్నాను. ఆయన ముందు ‘రాదు’ అన్న మాట అనడం అదే మొదటిసారి. నాన్న ఫామ్ ఒకసారి చూసి, “నీ ఇష్టం” అని దాన్ని నా వైపు తోశారు. కెమిస్ట్రీ గడి ఖాళీగా వదిలేశాను.

తీరా కాలేజీలో చేరాక కెమిస్ట్రీ మొదటి పరీక్షలో వందకి అరవై ఒకటి వచ్చాయి. క్రెడిట్టూ పోయె, పరువూ పోయె అని ఏడ్చాను. మర్నాడే ప్రొఫెసర్ గదికి వెళ్ళి, “మొదటి చాప్టర్ నుంచీ నాకు అర్థం కాలేదు” అన్నాను. ఆవిడ నవ్వలేదు, కుర్చీ చూపించింది. చలికాలం వచ్చేసరికి కెమిస్ట్రీ మీద నాకు ప్రేమ పుట్టింది.

నాలుగేళ్ళకి డిగ్రీ అందుకున్న రోజు తెనాలికి ఫోన్ చేశాను. మీరు ఆ రోజు అడగకపోతే ఏమైపోయేదాన్నో అన్నాను.

“నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో రెండేళ్ళు, నాకే అర్థం కాని పాఠాలు పిల్లలతో బట్టీ పట్టించానమ్మా. అందరూ పాసయ్యారు. మీకు వచ్చా మాస్టారూ అని ఎవరూ నన్నడగలేదు. ఆ పిల్లలకి నేను ఇప్పటికీ బాకీయే” అన్నారు మాస్టారు.

ఇప్పుడు నేను ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో పని చేస్తున్నాను. మీటింగ్‌లో అందరూ తలలూపుతున్నప్పుడు నేను చెయ్యెత్తి, నాకు అర్థం కాలేదు, మళ్ళీ చెప్పండి అంటాను. అనే ముందు ఇప్పటికీ ప్రతిసారీ భయమే. నా తర్వాత ఇంకో రెండు చేతులు లేస్తాయి.