పావు అంగుళం పొడుగు గిటారు

ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో నాది ప్యాటర్న్ షాపు. పోత పోయవలసిన ప్రతి ఇనుప భాగానికీ ముందు చెక్కతో నమూనా చేసేవాళ్ళం. అరవైల్లో ఒక ఇంజను డ్రైవరు, రైల్వే వాళ్ళ క్లబ్బు ఇన్‌స్టిట్యూట్ బ్యాండులో వాయించేవాడు, విదేశీ కేటలాగు కాగితం తెచ్చి అలాంటి ఎలక్ట్రిక్ గిటారు చేసిపెట్టమన్నాడు. రెండు పక్కలా బోలు, నడుమ నిలువునా గట్టి దిమ్మ. అంతా బోలైతే యాంప్లిఫయరు ముందు కూత పెడుతుందట, ఆ దిమ్మ దాన్ని ఆపుతుందట. ఇలా ఆలోచించినవాడు ఎలాంటివాడో అనుకుంటూ రెండు రోజులు ఆ కాగితమే చూశాను.

ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో మా క్వార్టరు వరండాలో మూడు నెలలు చేశాను. తీగలు ఆనే బ్రిడ్జి మాత్రం డ్రైవరు నన్ను తాకనివ్వలేదు. అది వాయించేవాళ్ళ పనట. కేటలాగు కొలత చూసి, తన టేపుతో తనే బిగించుకున్నాడు. తీరా బ్యాండు వాళ్ళందరి ముందు వాయిస్తే, మెడ మీది పైమెట్లకు పోయేకొద్దీ శ్రుతి తప్పింది.

"మిస్త్రీ, యే గిటార్ హై యా చార్‌పాయ్?" అన్నాడు.

నులకమంచమట! ఎవరెవరు నవ్వారో ఈరోజుకీ వరసగా చెప్పగలను.

ఇంటికొచ్చి కూలబడితే, మా షాపులోనే పనిచేసే మా బావ వచ్చాడు.

"మెట్లు ఏ స్కేలుతో గీసినావురా?"

"మన స్కేలే బావా."

"ఓరి నీ! సల్లారితే ఇనుము కుదించుకుపోద్దని పొడుగ్గా సేయించిన స్కేలది. గిటారు కూడా సల్లారుతాదేటిరా?"

ఇరవై ఏళ్ళ అలవాటు, చెయ్యి దానంతటదే ఆ స్కేలు అందుకుంది. అయితే మెట్లన్నీ ఒకే లెక్కన సాగాయి కనుక వాటిలో వాటికి తేడా లేదు. బ్రిడ్జి ఒక్కటే డ్రైవరు టేపు కొలతలో ఉండిపోయింది.

ఆదివారం స్క్రూడ్రైవరు పట్టుకుని అతని ఇంటికి వెళ్ళాను. అతను గొణుగుతూనే ఉన్నాడు. బ్రిడ్జిని పావు అంగుళం వెనక్కి జరిపి బిగించాను.

కింది మెట్టు మీటాడు. నడిమిది, పైది. అన్నీ కలిశాయి. యాంప్లిఫయరు పూర్తిగా పెంచినా కూత లేదు. స్వరం గదిలో నిలబడిపోయింది, కిటికీ అద్దం సన్నగా అదిరింది. చెక్కలోంచి అంత శబ్దం తీసింది నా చేతులేనంటే నాకే నమ్మబుద్ధి కాలేదు.

తర్వాత బ్యాండు వాళ్ళు మరో మూడు అడిగారు. "మంచం మాట అందరిలో అన్నారు, అందరిలోనే వెనక్కి తీసుకోవాలి" అని డ్రైవరుతో అన్నాను. నెల తిరిగాక అతను వర్క్‌షాపు గేటు దగ్గర నన్ను ఆపి, "గల్తీ మేరీ థీ, మిస్త్రీ" అని తప్పు తనదేనని ఒప్పుకున్నాడు. ఆ రోజు నవ్వినవాళ్ళలో ఇద్దరే అక్కడున్నారు.

అందుకే రెండు గిటార్లే చేసిచ్చాను, బ్రిడ్జి కూడా నేనే బిగించి. కావాలనే, అదే స్కేలుతో.