సత్యవతి తాయెత్తు

బహ్రెయిన్‌లో ఒక మ్యూజియంలో మధ్యయుగాల నాటి అరబ్బుల బంగారు తాయెత్తు చూశాను. చిన్న గొట్టం మీద ఎదురెదురుగా రెండు పిట్టలు. అవి శుభానికి గుర్తులని, గొట్టంలో ప్రార్థన రాసిన కాగితం పెట్టేవారని ఫోన్‌లో మా ఆవిడకు చెబుతున్నాను.

"అలాంటిది నాకూ ఉందండి," అంది పక్కనున్నామె. పేరు సత్యవతి, ఊరు రాజోలు. బహ్రెయిన్‌లోనే రిఫా అనే ఊళ్లో ఇంటిపని చేస్తోంది, యజమాని పిల్లలకు మ్యూజియం చూపించడానికి తీసుకొచ్చింది.

"జ్వరంతో పడుంటే మా పెద్ద మేడమ్, అంటే మా సారు వాళ్లమ్మ, తన మెళ్లోది తీసి నాకు కట్టేశారండి."

"వాళ్ల మతం తాయెత్తు కదా, ఊళ్లో మీ ఇంట్లో ఏమీ అనలేదా?"

ఆమె చున్నీ కిందనుంచి పుస్తెలతాడు బయటికి తీసింది. పుస్తెల పక్కనే బంగారు గొట్టం ఉంది.

"సెలవుకెళ్లినప్పుడు మా అత్తగారే గుచ్చారండి. నిన్ను కాపాడింది కదా, దీన్ని వేరుగా ఎందుకుంచాలి అన్నారు."